ఒకవేళ గారి గీత పడని కారు

కారుకి ఏదైనా జరగకముందే, జరిగితే ఏమవుతుందో తెలుసుకు తీరాలి. అదీ ఆయన జబ్బు. మామూలు మనుషులు కారు దేన్నో గుద్దుకున్నాక ఇన్సూరెన్స్ ఆఫీసుకి పరిగెత్తుకొస్తారు. ఆయన గుద్దుకోకుండానే వచ్చేవారు. టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చాక కౌంటరు ముందు కుర్చీలో పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకుని "ఒకవేళ..." అని మొదలుపెట్టేవారు. ఆ మాట చెవిన పడగానే పక్క కౌంటర్ల వాళ్లు తలలు దించుకుని లేని పని చేసుకునేవారు. ఆయన అసలు పేరు పాలసీ కాగితం మీద ఉండేది గానీ, దాన్ని పలికినవాళ్లు లేరు. అటెండరు దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన ఒకవేళ గారే.

ఆఫీసుకి ఎదురుగా, రోడ్డు దాటితే, ఆయన కళ్ళజోళ్ల షాపు. షాపు పక్క సందులో ఆయన కారు. మీగడ రంగు చిన్న కారు. వారానికోసారి అద్దాలూ ఫ్రేములూ తెచ్చుకోడానికి హోల్‌సేల్ దుకాణం దాకా వెళ్లేది, తిరిగొచ్చి ముసుగు తన్ని పడుకునేది. దాన్ని ఆయన నడుపుతుంటే చూడ్డానికి ఓపిక కావాలి. సైకిళ్లు దాటిపోయేవి. కూరగాయల సంచులతో నడిచే ముసలమ్మలు దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసేవాళ్లు. మలుపు వస్తే ఆయన కారు ఆపి, దిగి, నడిచి వెళ్లి అవతల ఏమొస్తోందో చూసి, వెనక్కొచ్చి ఎక్కి, అప్పుడు తిప్పేవారు. ఆయన వెనక్కొచ్చేలోపు అవతల ఇంకేదో వచ్చి ఉండేది. మళ్లీ దిగేవారు.

అలాంటి కారుకి ఆయన ఊహించిన గండాలు వింటే కారే కన్నీళ్లు పెట్టుకునేది. ఒకవేళ మేడ మీంచి పూలకుండీ పడితే? ఒకవేళ ఎలుకలు చేరి వైర్లు కొరికితే? ఒకవేళ నేను తలుపు తీసే క్షణంలోనే సైకిలతను వచ్చి తగిలితే, తప్పు తలుపుదా సైకిలుదా? ఒకవేళ దొంగ కారెత్తుకెళ్లి, ఎవర్నో గుద్ది, భయపడి కారు తెచ్చి మళ్లీ మా సందులోనే పెట్టేస్తే?

ఈ ప్రశ్నలన్నీ పడేది ఒక్క కౌంటరమ్మాయి నెత్తిన. ఆమె ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మేనేజరు గారి సంతకం పడితే అవుతుంది, పడకపోతే ఇంటికే. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ అమ్మ జీవితమంతా రకరకాల ఆఫీసుల్లో టెంపరరీ టైపిస్టుగా పనిచేసి, టెంపరరీగానే రిటైరైంది. కూతురికైనా ఆ సంతకం పడితే చూడాలని ఆవిడకున్న కోరిక అంతా ఇంతా కాదు. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "ఇవాళేమైనా సంతకం మాట ఎత్తారా?" అని అడగబోయి, అడిగితే పిల్ల కంగారు పడుతుందని మానేసి, మూత గట్టిగా పెట్టానా లేదా అని అడిగేది.

అమ్మాయి కౌంటర్లో కూర్చున్న మొదటిరోజే ఒకవేళ గారు వచ్చారు.

"ఒకవేళ నేను ఏటవాలు రోడ్డు మీద కారాపి దిగాననుకో తల్లీ. అది దానంతటదే దొర్లుకుంటూ పోయి ఒకరి గోడని గుద్దింది. అప్పుడు డ్రైవరెవరు?"

"కార్లో ఎవరూ లేరు కదండీ."

"లేరు. మరి కాగితంలో డ్రైవరు లైసెన్సు నంబరు రాయమంటారు కదా. ఎవరిది రాయాలి?"

శిక్షణలో నేర్పిన పాఠాలన్నీ తిరగేసినా డ్రైవరు లేని కారు అందులో లేదు. ఆమె పక్క కౌంటరు సీనియర్ని అడిగింది. సీనియరు లేచి మేనేజరు గదిలోకి వెళ్లాడు. లోపల రూల్సు పుస్తకం తెరిచిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తేలిందేమిటంటే, కారుని ఆఖరున ఎవరు ఆపారో వాళ్లే డ్రైవరు కింద లెక్క, భయపడకుండా నిజం రాస్తే చాలు, క్లెయిమ్ వస్తుంది. ఒకవేళ గారు తొడ చరుచుకుని, ఆ మాట మరోసారి కాస్త గట్టిగా చెప్పించుకుని, లేచారు. ఇంతకీ ఎప్పుడు జరిగిందని ఆమె జాలిగా అడిగింది.

"జరగలేదమ్మా. జరిగితే."

ఆ సాయంత్రం అమ్మాయి ఇంట్లో ఈ కథ చెబితే అమ్మ నవ్వి నవ్వి దగ్గింది. అప్పట్నుంచి అదో అలవాటైపోయింది. కూతురు చెప్పులు విప్పకముందే "ఇవాళ ఆయనేమన్నాడే?" అని గుమ్మంలోనే ఎదురొచ్చేది. టీవీ సీరియల్ చూడ్డం కూడా మానేసింది. అందులో కన్నా ఒకవేళ గారి కారుకే ఎక్కువ కష్టాలున్నాయని ఆవిడ అభిప్రాయం.

ఒకసారి ఆయన ప్రీమియం సంగతెత్తారు. తాను ఎవర్నీ గుద్దలేదు, తనని ఎవరూ గుద్దలేదు, కారుకి గోటితో గీసినంత గీత లేదు, మరి రేటెందుకు పెరిగినట్టు? ఊళ్లో గుద్దుకోవడాలు ఎక్కువయ్యాయని, సామాన్ల ధరలు పెరిగాయని, ఆ భారం అందరి మీదా కాస్త కాస్త పడుతుందని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, అయితే ఒకవేళ ఊళ్లోవాళ్లంతా జాగ్రత్తగా నడిపితే నాకు తగ్గుతుందా అన్నారు. సిద్ధాంతం ప్రకారం తగ్గాలండీ అని ఆమె నోరుజారింది. మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వస్తూ చూస్తే, ఆయన షాపు ముందు పేవ్‌మెంట్ మీద నిలబడి, దూకుడుగా వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపుతూ, "బాబూ, కాస్త మెల్లిగా. నా ప్రీమియం బాబూ" అని బతిమాలుతున్నారు. పాపం కొందరు ఏ ఊరు దారి అడుగుతున్నాడో అని ఆగారు కూడా.

ఆ తర్వాత చుట్టాల వరస మొదలైంది. ఒకవేళ మా బావమరిది నా కారు తీసుకెళ్లాడు, వాడి లైసెన్సు గడువు దాటిపోయిందని తర్వాత తెలిసింది, అప్పుడో? ఒకవేళ మా తోడల్లుడు తన కారుని అద్దెకి తిప్పుతున్నాడు, పాలసీలో సొంతానికని రాసుంది, అప్పుడో? ఒకవేళ మా వియ్యంకుడు కారమ్మేశాడు, కొన్నాయన పేరు మార్చుకోకుండానే ఎవర్నో గుద్దాడు, నోటీసు వియ్యంకుడికొచ్చింది, అప్పుడో? అమ్మాయి ఒక్కోదానికీ జవాబు వెతికి చెప్పేది. అమ్మ మాత్రం వేళ్లు మడిచి చుట్టాల్ని లెక్కపెట్టి, ఇంతమందికి ఆ చిన్న కారు ఏం సరిపోతుందే, పెద్దది కొనుక్కోమని చెప్పు అంది.

ఆ లెక్కని ఓరోజు అటెండరు చెడగొట్టాడు. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, ఆయనకి పెళ్లెక్కడైందమ్మా, ఒంటరి మనిషి కదా అన్నాడు. అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది. పెళ్లే కాని మనిషికి బావమరిది ఎక్కడ్నుంచొచ్చాడు? పెళ్లామే లేనప్పుడు తోడల్లుడు ఎవరికి అల్లుడు? ఇక వియ్యంకుడి సంగతి ఆలోచించబోయి, తల తిరిగి మానేసింది.

ఈ మాట ఆ నోటా ఈ నోటా మేనేజరు గారి చెవిన పడింది. మేనేజరు గారు మంచివారే గానీ, ప్రపంచంలో ప్రతివాడూ తన ఆఫీసుని మోసం చెయ్యడానికే పుట్టాడని ఆయనకో గట్టి నమ్మకం. లేని చుట్టాల పేరు మీద ఇన్ని ప్రశ్నలడుగుతున్నాడంటే ఏదో పెద్ద క్లెయిమే వండుతున్నాడని తేల్చేశారు. పెద్దాఫీసు నుంచి ఓ దర్యాప్తు ఆఫీసర్ని పిలిపించారు. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని ఆయనకి పేరు. ఆయన టార్చిలైటు పట్టుకుని సందులో దూరి, మీగడ రంగు కారు ముసుగు తీసి, ముందూ వెనకా, చివరికి కిందా పడుకుని చూశాడు. ఒక్క గీత లేదు. ఒక్క సొట్ట లేదు. షోరూములో కూడా అంత కొత్తగా ఉండదని రాసుకున్నాడు.

ఒకవేళ గారు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఒకవేళ మీరే అక్కడాగిన లారీ నంబరు చదవాల్సొస్తే?" అన్నారు. దర్యాప్తు ఆఫీసరు చదివాడు. అది లారీ కాదు, బస్సు. ఒకవేళ ఈ చూపుతో మీరు కారు నడిపి గుద్దితే మీ ఆఫీసు మీకు క్లెయిమ్ ఇస్తుందా అని ఆయన మర్యాదగానే అడిగారు. దర్యాప్తు ఆఫీసరు కొత్త కళ్ళజోడుకి ఆర్డరిచ్చి, అనుమానించదగ్గదేమీ లేదని నివేదిక రాసి వెళ్లిపోయాడు.

మేనేజరు గారికి ఒళ్లు మండింది. మోసం దొరకలేదు కాబట్టి ఇక ఆలస్యాన్ని పట్టుకున్నారు. ప్రతి కౌంటరుకీ తలపైన ఓ డబ్బా బిగించారు. మనిషి వచ్చి కూర్చోగానే అందులో సమయం లెక్కపెడుతూ ఎర్రంకెలు పరిగెడతాయి. గీసిన హద్దు దాటితే టపటపా ఆరి వెలుగుతాయి. ఎవరి కౌంటరు ఎంత చురుగ్గా ఉందో వారం చివర యంత్రమే చెబుతుంది. మొదటివారం కౌంటరమ్మాయి దగ్గరకి ఒకవేళ గారు వచ్చి ఎంతసేపు కూర్చున్నారంటే, అంకెలు చివరిదాకా వెళ్లి, ఇంకెక్కడికి పోవాలో తెలియక, మళ్లీ సున్నా నుంచి మొదలయ్యాయి. వారం చివర నివేదికలో చూస్తే, ఆఫీసు మొత్తం మీద అందరికన్నా త్వరగా పని ముగించుకెళ్లిన మనిషి ఒకవేళ గారని వచ్చింది. మేనేజరు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాత అమ్మాయిని గదిలోకి పిలిచి, తలుపు వేసి మాట్లాడారు. ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం తయారుగా ఉందని, సొరుగు లాగి చూపించారు. కానీ ఆ కౌంటరు ముందు లైను కదలకపోతే సంతకం పెట్టడం తన వల్ల కాదన్నారు. "ఆయన్నాపడం నీ పని. ఆపలేకపోతే, ఆ సీటు నీకు కాదనుకోవాలి" అన్నారు.

మర్నాడు ఒకవేళ గారు ఎప్పట్లాగే గొంతు సవరించుకుంటుంటే ఆమె మధ్యలోనే ఆపింది. రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ కారుకి నిజంగా ఏదైనా జరిగితేనే రండి. ఊరికే రావద్దండీ."

ఆయన ఎర్రంకెల వంక చూశారు. ఆమె మొహం వంక చూశారు. వెనక కుర్చీల్లో ఎవరి వంకో కూడా ఓసారి చూసి, సరే తల్లీ అని, చేతిలో టోకెన్ని బల్ల మీద పెట్టి, మెల్లిగా లేచి వెళ్లారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ప్రపంచంలో అన్నీ అడిగే మనిషి ఆ ఒక్కటీ అడక్కపోవడం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం అమ్మ గుమ్మంలో ఎదురొస్తే, ఆయన ఇవాళ రాలేదని అబద్ధం చెప్పింది.

లైను ఎంత చురుగ్గా కదిలిందో చెప్పలేం. మనుషులు వచ్చేవారు, చెప్పినచోట సంతకం పెట్టేవారు, వెళ్లేవారు. ఎర్రంకెలు హద్దు దాటనే లేదు. మేనేజరు గారు గది తలుపు దగ్గర నిలబడి చిరునవ్వుతో తలాడించేవారు. కుర్చీల్లో మాత్రం విచిత్రంగా ఉండేది. కొందరు టోకెన్ తీసుకుని చాలాసేపు కూర్చుని, వీధి గుమ్మం వంక చూసి చూసి, తమ నంబరు పిలిచేసరికి లేచి బయటికి వెళ్లిపోయేవారు. ఎండకి నీడ పట్టున కూర్చోడానికి వచ్చారు కాబోలనుకుంది అమ్మాయి.

తిప్పికొట్టిన క్లెయిమ్‌లతో వచ్చినవాళ్లలో ఓరోజు బ్రెడ్డు వ్యాను డ్రైవరున్నాడు. బేకరీ సరుకు ఊరంతా వేసొచ్చే మనిషి. కుక్క అడ్డొస్తే తప్పించబోయి వ్యాను స్తంభాన్ని గుద్దింది. నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి చూడకముందే బాగు చేయించేసుకున్నాడు, కాబట్టి క్లెయిమ్ పోయింది. పొద్దున్నే బ్రెడ్డు అందకపోతే దుకాణాలవాళ్లు ఊరుకోరు కదా మేడం, అందుకే తొందరపడ్డానన్నాడు. గొడవ పడ్డానికి కూడా రాలేదతను. కాగితంలో ఏం రాసుందో చదివి చెబుతారేమోనని వచ్చాడు.

"బాగు చేయించేముందు ఒక్కసారొచ్చి అడగాల్సింది కదండీ" అందామె.

"వచ్చాను మేడం. ఆ మూల కుర్చీలోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అద్దాలాయన రాలేదు."

"ఆయన రావడమేంటి?"

అతను ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు, ఆఫీసులో ఉండేవాళ్లకి ఇది తెలియదా అన్నట్టు. అప్పుడు చెప్పాడు. ఆయన ఊరికే వచ్చేవాడు కాదట. ముందు ఆ కుర్చీల్లో కూర్చునేవాడట. పక్కనున్నవాళ్లతో మాట కలిపి, ఎవరికి ఏ చిక్కుందో రాబట్టి, లేచి వెళ్లి, దాన్ని తన కారుకి తగిలించి అడిగేవాడట. వీళ్లు వెనక కూర్చుని వినేవాళ్లట. అందుకే ప్రతి జవాబూ రెండోసారి గట్టిగా చెప్పించుకునేవాడు. ఏటవాలు రోడ్డు మీద దొర్లిపోయిన కారు ఓ పెద్దావిడది. గడువు దాటిన లైసెన్సున్న బావమరిది ఓ టాక్సీ అతని బావమరిది. నోటీసందుకున్న వియ్యంకుడు నిజంగానే ఎవరికో వియ్యంకుడు.

"మరి మీరే నన్నడగొచ్చు కదా" అంది అమ్మాయి.

డ్రైవరు నేల చూపులు చూశాడు. "మాది మేమడిగితే మీరు రాసుకుంటారేమోనని భయం మేడం. బాగు చేయించాక చెబితే ఏమవుతుంది అని అడిగామనుకోండి, వీడు బాగు చేయించేసుంటాడని తెలిసిపోతుంది. ఆయన కారుకి గీతే లేదు. ఆయన ఎన్నడిగినా ఏం రాసుకుంటారు?"

అమ్మాయికి నిజంగానే సిగ్గేసింది. నీళ్లు తాగి, మెకానిక్ దగ్గర ఊడదీసిన పాత సామానేమైనా ఉందా, వ్యాను గుద్దుకున్నప్పటి ఫొటో ఎవరైనా తీశారా అని అడిగింది. రెండూ ఉన్నాయట, కానీ తెమ్మని ఎవరూ చెప్పలేదట. అవి పట్టుకొస్తే మళ్లీ పరిశీలించమని తనే రాస్తానని చెప్పి పంపింది. తలపైన ఎర్రంకెలు టపటపలాడుతూనే ఉన్నాయి, ఆమె తలెత్తి చూడలేదు.

భోజనాల వేళ రోడ్డు దాటి షాపుకి వెళ్లింది. ఒకవేళ గారు గోడ మీద అక్షరాల పటం ముందు ఓ పెద్దాయన్ని కూర్చోబెట్టి చదివిస్తున్నారు. పెద్దాయన కింది వరస దగ్గరాగి, ఇక్కడ వెలుతురు బాగాలేదన్నాడు. ఒకవేళ గారు అవును బాగాలేదని లేచి, వెలుగుతున్న దీపాన్నే ఓసారి ఆర్పి మళ్లీ వెలిగించి, ఈలోపు అద్దం మార్చి, ఇప్పుడెలా ఉంది అన్నారు. ఇప్పుడు వెలుతురు బావుంది అన్నాడు పెద్దాయన.

పెద్దాయన వెళ్లాక ఒకవేళ గారు నవ్వుతూ చెప్పారు. "ఇన్నేళ్లలో నాకు కనబడట్లేదని ఒప్పుకున్నవాళ్లని నేను చూళ్లేదమ్మా. దీపం బాలేదంటారు, పటం దూరముందంటారు. మీ కుర్చీల్లోనూ అంతే. అర్థం కాలేదని ఎవరంటారు? ఎవరో ఒకరు దీపం సరిచెయ్యాలి కదా."

ఆమె నవ్వింది గానీ, నవ్వు సరిగ్గా రాలేదు. బాబాయ్ గారూ రేపట్నుంచి మళ్లీ రండి అని అడిగింది. ఆయన కళ్ళద్దాల గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

"నీ కాగితం మీద సంతకం పడనీ తల్లీ. మీ అటెండరుకి చూపుతో పాటు నోరు కూడా బాగానే పనిచేస్తుంది, నాకన్నీ చెప్పాడు. ఆ తర్వాత రోజూ వస్తాను, నువ్వొద్దన్నా వస్తాను."

అంటే ఆమె ఉద్యోగం కోసమే ఆయన ఆరోజు కిమ్మనకుండా లేచి వెళ్లారన్నమాట. అమ్మాయి మళ్లీ రోడ్డు దాటింది. ఆఫీసుకొచ్చి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లి, ఉన్నదంతా చెప్పేసింది. తన లైను చురుగ్గా కదలడం నిజమే, కానీ మనుషులు అడగాల్సింది అడక్కుండా వెళ్లిపోతున్నారని, ఆయన్ని రానివ్వమని అడిగింది. మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెలియకపోతే అడగడానికి సిగ్గెందుకు, మనమేమైనా కరుస్తామా అన్నారు. "నేను చేసేది మోసాల నుంచి ఆఫీసుని కాపాడటం. పిరికివాళ్లకి ధైర్యం చెప్పడం కాదు" అని, తెరిచున్న సొరుగు మూసేశారు.

ఆ సాయంత్రం అమ్మకి అబద్ధం చెప్పలేదు. సొరుగు మూసుకుపోయిందని కూడా చెప్పింది. అమ్మ చాలాసేపు వంటింటి గట్టు తుడుస్తూ ఉండిపోయింది. తుడవడానికి అక్కడేమీ లేదు. చివరికి, నేను జన్మలో ఏ ఆఫీసరుకీ ఎదురు చెప్పలేదే, అయినా ఎవరూ సంతకం పెట్టలేదు, నువ్వు చెప్పొచ్చావు, బాగుందిలే అంది. గొంతులో దిగులుంది, గర్వమూ ఉంది.

వారం తిరక్కుండానే ఓ వింత జరిగింది. కౌంటరు అద్దంలోంచి చూస్తే, మేనేజరు గారు రోడ్డు దాటుతున్నారు. అటూ ఇటూ చూసి, కళ్ళజోళ్ల షాపులోకి చటుక్కున దూరారు. అక్షరాల పటం ముందు స్టూలు మీద కూర్చున్నారు గానీ, అక్షరాలు చదవడం లేదు. ముందుకి వంగి రహస్యంగా ఏదో చెబుతున్నారు. ఒకవేళ గారు తలాడిస్తూ వింటున్నారు. పాపం ఆయన్ని ఇక ఆఫీసుకి రావద్దని బెదిరిస్తున్నారనుకుంది అమ్మాయి.

మర్నాడు ఒకవేళ గారు టోకెన్ పట్టుకుని ఆమె ఎదుట కూర్చున్నారు. ఆమె భయంగా మేనేజరు గది వంక చూసింది. ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇవాళ బెత్తెడు తెరిచుంది.

"ఒకవేళ మా తోడల్లుడున్నాడనుకో తల్లీ."

"మీకు తోడల్లుడు లేడు కదండీ" అందామె మెల్లిగా.

"ఒకవేళ ఉన్నాడనుకో. మంచి హోదా. పదిమందికీ సలహాలు చెప్పే మనిషి. పని ఒత్తిడిలో తన కారు పాలసీ గడువు దాటిపోయిన సంగతే చూసుకోలేదు. ఇప్పుడు కారు బయటికి తియ్యాలంటే భయం. బస్సులో తిరుగుతున్నాడు. ఎవర్నైనా అడుగుదామంటే తల కొట్టేసినంత పని."

అమ్మాయికి ఒక్కొక్కటే వెలిగింది. మేనేజరు గారు నాలుగు రోజులుగా చొక్కా నలిగి, చెమటలు కక్కుతూ ఆఫీసుకొస్తున్నారు. కారేమైందని అటెండరు అడిగితే, నడక ఆరోగ్యానికి మంచిదన్నారు. ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుని, ఎదుటి మనిషికి కాకుండా, బెత్తెడు తెరిచున్న తలుపుకి వినబడేంత గట్టిగా జవాబు చెప్పింది.

"అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదండీ. ఎవరికైనా జరుగుతుంది. కొత్త పాలసీ అయ్యేదాకా కారు రోడ్డెక్కించకూడదు, అంతే. ఇంటికే మా మనిషి వచ్చి కారు చూసి వెళ్తాడు. గడువు దాటి కొద్దిరోజులే కాబట్టి, ఇన్నాళ్లూ క్లెయిమ్ చేయనందుకొచ్చే బోనసు కూడా ఎక్కడికీ పోదు. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం పోతుంది. మీ తోడల్లుణ్ణి ఇవాళే రమ్మనండి."

ఒకవేళ గారు అలవాటు ప్రకారం, బోనసు పోదన్నమాట మరోసారి చెప్పమన్నారు. ఆమె మరోసారి చెప్పింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. మేనేజరు గారు బయటికొచ్చారు. కౌంటరు దాకా వచ్చి, కుర్చీల్లో ఉన్నవాళ్లందరి ముందూ నిలబడి, ఓసారి మింగి, చెప్పారు.

"ఆ తోడల్లుణ్ణి నేనేనమ్మా."

పక్క కౌంటర్లలో కీబోర్డులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఆయన వెనక్కి తగ్గలేదు. అడగడానికి సిగ్గెందుకని మొన్న నేనే అన్నాను, తీరా నాదాకా వచ్చేసరికి అక్షరాల పటం ముందు కూర్చోవలసొచ్చిందని ఒప్పుకున్నారు. దరఖాస్తు కాగితమొకటి ఇమ్మన్నారు.

అంతే, కుర్చీల్లో కదలిక వచ్చింది. ఇన్సూరెన్స్ ఆఫీసు మేనేజరే పాలసీ కట్టడం మర్చిపోయాడంటే, ఇక తాము అడక్కూడనిదేముంది? ఓ పెద్దావిడ లేచి, తన మనవడు నేర్చుకుంటూ గేటుని గుద్దాడని, వాడికింకా పక్కా లైసెన్సు రాలేదని ఎవరి పేరూ అడ్డం పెట్టుకోకుండా చెప్పేసింది. టాక్సీ అతను ఆ గడువు దాటిన లైసెన్సు బావమరిదిది కాదు, తనదే అన్నాడు. లైను ఆఫీసు గుమ్మం దాటి మెట్ల దాకా వెళ్లింది. ఎర్రంకెలు కౌంటరు కౌంటరుకీ టపటపలాడుతుంటే, మేనేజరు గారు కళ్లకి గుచ్చుకుంటున్నాయని అటెండరు చేత మొత్తం ఆపించేశారు. దరఖాస్తు నింపడానికి కలం చేతిలోకి తీసుకున్నారు కదా, గదిలోని సొరుగులోంచి ఇంకో కాగితం కూడా తెప్పించుకుని, కౌంటరు మీదే పెట్టి, దానిమీదా సంతకం చేశారు. అదేం కాగితమో అమ్మాయి చూసింది. చూశాక కాసేపు తన పేరు కూడా చదవలేకపోయింది.

ఒకవేళ గారు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. వెనక్కి తిరిగి, ఎవరి గోడు వాళ్లే చెప్పుకుంటున్న జనాన్ని చూశారు. మొహంలో సంతోషముంది గానీ, చేతిలో పని ఎవరో లాగేసుకున్నట్టు కాస్త దిగులు కూడా ఉంది. గొంతు సవరించుకుని, అలవాటుగా ముందుకి వంగారు.

"ఒకవేళ ఇకనుంచి అందరూ ఎవరి ప్రశ్న వాళ్లే అడుక్కున్నారనుకో తల్లీ. అప్పుడు నా గతేమిటి?"

"ఆ నష్టానికి మా దగ్గర పాలసీ లేదండీ" అందామె.